చక్రాలకు మేకప్పు వేసే ముందు...

సాలూరు పేరు చెప్పగానే సినిమా జనానికి ‘మల్లీశ్వరి’ (1951), ‘మిస్సమ్మ’ (1955) పాటల రాజేశ్వరరావుగారు గుర్తొస్తారు. ఆయన పుట్టిన శివరామపురం ఆ పక్కనే కదా! బళ్ళ మీద బతికేవాళ్ళకు మాత్రం సాలూరంటే లారీలు. అలాంటి ఊరి నుంచి ఒక పాఠకుడు కారు చక్రాల గురించి మనకు ఉత్తరం రాశారు. కొల్లేరు చేప నీళ్ళకోసం చెరువుకొచ్చినట్టుంది! అయినా కాదనగలమా?

“చెల్లి పెళ్ళి దగ్గర పడింది. మన కారులోనే సుంకి ఘాట్ రోడ్డు ఎక్కి కోరాపుట్ అత్తారింటికి వెళ్ళాలి. అల్లాయ్ చక్రాలు పొక్కులొచ్చి తెల్లపొడి రాలుస్తున్నాయి. ఒకదాంట్లో నాలుగు రోజులకోసారి గాలి దిగిపోతోంది. ఇంట్లోనే మెరిపించాలంటే ఏటి చెయ్యాలి?”

పెళ్ళికూతురి అన్నగారూ! మీరు మెరుపు గురించి అడిగారు. నా కంటికి ఆనింది మాత్రం ఆ గాలి సంగతే సుమండీ!

అల్లాయ్ అంటే సిలికాన్ కలిపిన అల్యూమినియం పోత. 1924లో బుగాటి వారి ‘టైప్ 35’ రేసు కారు ఇలాంటి చక్రాలతోనే బరిలోకి దిగింది. అల్యూమినియానికి గాలి తగలగానే తనంతట తానే సన్నని పొర కట్టుకుంటుంది. ఆ పొరే దానికి రక్ష. పైన కంపెనీవారి రంగూ, లాకరూ ఉంటాయి. రాయి తగిలో, అరుగు ఒరుసుకునో లాకరు పగిలిందా, నీళ్ళు లోపలికి దూరతాయి. విశాఖ బీచికో, భీమిలికో షికారు వెళ్ళొచ్చిన బండికి ఉప్పు కూడా తోడు. ఆ ఉప్పు రక్షపొరను ఛేదించి లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. తెల్లపొడి అదే. టైరు అంచు ఆనే చోట ఇలా తింటే సందుపడి గాలి కారుతుంది.

కనుక మొదటి మజిలీ పంక్చరు షాపు. మేకు దిగిందా, వాల్వు కారుతోందా చూడమనండి. రెండూ కాకపోతే టైరు ఊడదీయించి, అంచు ఆనే చోట పేరుకున్న పొడిని వైరు బ్రష్షుతో గీకించండి. చక్రం లోపలి వైపు శుభ్రంగా కడిగి వెలుతుర్లో తిప్పి చూడండి. పగులు కనిపించిందా, ఆ చక్రం కథ సమాప్తం! వెల్డింగూ వద్దు, లప్పమూ వద్దు. కొత్తది కొనండి. వంగినదాన్ని ఇంట్లో కాచి కొట్టడమూ వద్దు. వేడికి లోహం బలం పోతుంది.

పగులు లేదా? అయితే మేకప్పుకు రండి. ఒక్కో చక్రమే విప్పి, దాని బదులు స్టెప్నీ బిగించుకోండి. సబ్బు నీళ్ళతో కడగండి. ఇత్తడి బిందెలు తోమే ఉప్పూ చింతపండూ ఇక్కడ పనికిరావు. ఉప్పే కదా అసలు శత్రువు! కాస్టిక్ సోడా అయితే అల్యూమినియాన్నే తినేస్తుంది. ఆరాక పొక్కులున్న చోట 180 నంబరు వాటర్ పేపరు, తర్వాత 240, 400, 600 పట్టించండి. నీళ్ళు చల్లుతూనే రుద్దండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చండి. పాత గీతలు పోయిందీ లేనిదీ అప్పుడు తెలుస్తుంది. గ్రామఫోను రికార్డులా సన్నని గీతలున్న చక్రమైతే మాత్రం రుద్దకండి. అది లేతు మిషను మీద కోసిన ముఖం, చేతితో రాదు.

టైరుకూ రిమ్ముకూ మధ్య వరసగా పేకముక్కలు గుచ్చండి. ఇంతకన్నా మంచి అడ్డు లేదు! అల్యూమినియానికి పట్టే ఎచ్ ప్రైమరు, దానిపైన వెండి రంగు, ఆఖర్న లాకరు. అన్నీ పల్చగా, రెండు మూడు చేతులు. వాన ముసురు నాడు వేశారో, లాకరు పాలిపోయి తెల్లబడుతుంది. నట్లు కూర్చునే గుంటల్లో, హబ్బుకు ఆనే ముఖాన రంగు చుక్క కూడా పడకూడదు. పడితే ఆ రంగు నలిగి నట్లు వదులవుతాయి.

రంగెందుకు, అద్దంలా తోమేస్తే పోదా అంటారా? 2000 నంబరు దాకా రుద్ది బఫ్ పట్టిస్తే మెరుస్తుంది, నిజమే. కానీ రక్షణ లేని ఆ మెరుపు వానలకు మసకబారుతుంది. మళ్ళీ మళ్ళీ తోముతూ కూర్చోవాలి.

పెళ్ళికి వారం ముందే పని ముగించండి. గాలి నింపి, టైరు అంచు చుట్టూ సబ్బు నీళ్ళు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. యాభై, అరవై కిలోమీటర్లు తిప్పాక నట్లు మరోసారి బిగించండి. నాలుగు రోజులు గాలి నిలిస్తేనే చక్రాలకు పూలదండ కట్టండి. నిలవకపోతే అమ్మాయికి వేరే బండి మాట్లాడండి. ఘాటు మలుపుల్లో రీటేకులుండవు!