మెల్లగా తిరిగే పంపే మేలు

ఈతకొలనులోని నీటిని పంపు వడపోత గుండా తిప్పుతూ శుభ్రపరుస్తుంది. ఆ పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే కరెంటు ఖర్చు ఎంత తగ్గుతుంది? “సగం” అని తొందరపడకండి!

వేగం సగమైతే ప్రవాహమూ సగమవుతుంది. గొట్టాల్లో ఘర్షణను అధిగమించడానికి పీడనం నాలుగో వంతు చాలు. పంపుకు కావలసిన సామర్థ్యం ఈ రెండింటి లబ్ధాన్ని బట్టి ఉంటుంది. అంటే 1/2 × 1/4 = 1/8!

అంతే నీరు తిప్పాలంటే రెట్టింపు సేపు నడపాలిగా అంటారా? నడపండి. 1 కిలోవాటు పంపు 4 గంటల్లో 4 యూనిట్లు కాలిస్తే, సగం వేగంతో 8 గంటలకు 1 యూనిట్టే. మోటారులోని నష్టాల వల్ల ఆదా కాస్త తగ్గినా, లాభం లాభమే.

అమెరికా 2021లో ఈతకొలను పంపులకు పొదుపు ప్రమాణాలు అమలులోకి తెచ్చింది. చాలా పంపులు వేగం మార్చుకోగలిగితేనే వాటిని అందుకోగలవు. మన నగరాల్లో కట్టే కొలనులకూ అటువంటి పంపులే పెట్టాలి.

అయితే ఈ లెక్కను గుడ్డిగా వాడకండి. బావి పంపు నీటిని పైకెత్తాలి. వేగం తగ్గించినంత మాత్రాన బావి లోతు తగ్గదు కదా! మరీ తగ్గిస్తే నీరే రాదు.