చదువకయే తీర్పు

జపాను దేశమున సకాయి నగర గ్రంథాలయములయందు 2008వ సంవత్సరమున సుమారు 5,500 పుస్తకములు పాఠకుల అరలనుండి తొలగింపబడినవి. వాని నేరమేమి? బాలురకు బాలురయెడ గలుగు అనురాగమును వర్ణించుటయే! కొందఱు ఫిర్యాదు చేసిరి; అధికారులు తలయూచిరి. ఒక్కొక్క గ్రంథమును విచారించి తీర్పు చెప్పినదెవరు? కులముపేరు చూచి నేరము మోపుట పోలీసు పద్ధతి గాని గ్రంథపాలకుని ధర్మము గాదు. పౌరులు ఎదురు తిరిగిన పిమ్మటగాని ఆ యాంక్ష తొలగలేదు.

ఆ యేడే సంపుటముగా వెలువడిన ‘దోక్యూసేయి’ యను బొమ్మల కథను ఆక్షేపకుల యెదుట సాక్షిగా నిలుపుచున్నాము. పేరునకు సహాధ్యాయి యని యర్థము. కర్త్రి నకమురా అసుమికో. అది బాలుర పాఠశాల. గానోత్సవమునకై తరగతియంతయు పాడుచుండగా, ప్రథమశ్రేణి విద్యార్థియగు సాజో నోరు మెదపడు. గర్వమనుకొనును గిటారు వాయించు కుసకాబె. ఒకనాడు ఖాళీ గదిలో సాజో యొంటరిగా పాట సాధన చేయుచుండుట కంటబడును. నేర్పుదునా యని యడుగును. అంతే! అచ్చటినుండి కథ తొందరపడదు. ఋతువులు మాఱును, సందేహములు, అలుకలు, పై చదువుల చింత, విడిపోవుదుమేమో యను భయము. సన్నని గీతలు, చుట్టును తెల్లని జాగా. మాటకంటె మౌనమే యెక్కువ. దీనిలో చెడుట కేమున్నదో ఫిర్యాదుదారులు చూపవలయును.

ఈ సాహిత్యశాఖను పెంచినవారు స్త్రీలే. హగియో మోటో 1974లోను, తకెమియా కెయికో 1976లోను ఆరంభించిన ప్రసిద్ధ కథలు జర్మనీ, ఫ్రాన్సు పాఠశాలలలో నడచినవి. నకమురా కథ జపాను తరగతిగదిలోనే జరుగును. దూరదేశపు వింతగా నున్నంతకాలము సహించి, పొరుగు బల్లమీద గూర్చుండగానే ఉలికిపడు పెద్దలు ఏ దేశమున లేరు?

న్యాయవాది కింకొక ముచ్చట తోచుచున్నది. జపానులో 1882నుండి అమలైన శిక్షాస్మృతి యిట్టి సంబంధమును నేరముగా నెంచలేదు. మనకు ఆంగ్లేయులు 1860లో తగిలించిన 377వ సెక్షను పట్టు సడలుటకు 2018లో సుప్రీంకోర్టు తీర్పు కావలసివచ్చెను. శాసనము మనకంటె నూఱేండ్లకు పైగా ముందుగా విడిచిన దానిని సకాయి బీరువా మరల బంధించినది!

ఆ పేరిట అమ్ముడుపోవు ప్రతి చెత్తను మేము సమర్థింపము. ఏ పుస్తకము చెడ్డదో దాని పేరు, పుట చెప్పుడు, వాదింతము. అయిదువేల గ్రంథములపై ఒక్క అభియోగపత్రము మాత్రము చెల్లదు.