శీలం పేరిట అజ్ఞానం

2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ, పాఠశాలల్లో లైంగిక విద్య ఉండకూడదని తేల్చింది. మన దేశపు సామాజిక, సాంస్కృతిక స్వభావంలో దానికి చోటే లేదన్నది. ఆ కమిటీ అధ్యక్షులు మన తెలుగువారే, ఎం. వెంకయ్యనాయుడు గారు. అంతకు రెండేళ్ళ ముందు, 2007లో, ఎయిడ్స్ నివారణను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన కౌమార విద్యా కార్యక్రమాన్ని మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక మొదలైన రాష్ట్రాలు నిషేధించాయి. 2024లో సుప్రీంకోర్టు, లైంగిక విద్య పాశ్చాత్య భావమనుకోవటం అపోహ అని స్పష్టంగా చెప్పింది. కోర్టు చెప్పినంత మాత్రాన ఉపాధ్యాయుల గదిలో మాట మారలేదు. "ఈ వయసులో వీళ్ళకివన్నీ ఎందుకండీ?" అని ఈనాటికీ అడుగుతున్నారు. నేను జీవశాస్త్రం చెప్పేవాణ్ణి గనక ఈ ప్రశ్న నాకు తరచు ఎదురవుతుంది. దానికి సమాధానం చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు సంస్కృతి సంగతి చూద్దాం. గురజాడ "కన్యాశుల్కం" మొదటి కూర్పు పీఠికలో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన 1,034 శుల్క వివాహాల లెక్క ఉన్నది. ఆ పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవారు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు! ఆ పెళ్ళిళ్ళు చేసినవారూ సంస్కృతి పేరే చెప్పుకున్నారు.

అది గతించిన కథ అంటారేమో. 1929లో శారదా చట్టం వచ్చింది, 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం వచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్ధెనిమిది నిండకుండానే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 12.6 శాతం మంది సర్వేనాటికే తల్లులో, గర్భవతులో అయి ఉన్నారు. దేశం సగటు 6.8 శాతం మాత్రమే. అదే వయసు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 60.1 శాతం, తెలంగాణలో 64.7 శాతం.

ఈ అంకెల అర్థమేమిటి? పదిహేనేళ్ళ పిల్ల గర్భాశయాన్ని గురించి పాఠం వినటానికి తగదు గాని, ఆ గర్భాశయంలో బిడ్డను మోయటానికి తగును! ఇదీ మన శీల పరిరక్షకుల తర్కం. ఇందులో శీలం పాలు ఎంతో నాకు తెలియదు గాని, ఆస్తి పాలు మాత్రం చాలా ఉన్నది. పిల్ల ఎదిగినకొద్దీ కట్నం పెరుగుతుంది. చదివినకొద్దీ కులం గీత దాటుతుందన్న భయం పెరుగుతుంది. తన ఒంటిని గురించి తెలిసిన పిల్ల పెళ్ళి ఎప్పుడు, ఎవరితో, పిల్లలు ఎందరు అని అడుగుతుంది. ఆ ప్రశ్న రాకుండా ఉండాలంటే ఆమెకు ఏమీ తెలియకుండా ఉండాలి. కాబట్టి ఈ అజ్ఞానం దానంతటది కలిగింది కాదు, పెంచి పోషించింది.

"చెబితే చెడిపోతారు" అనేది రెండో వాదం. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడరని అనేక దేశాల పరిశోధనలను సమీక్షించి యునెస్కో 2018లో తన మార్గదర్శకాలలో చెప్పింది. ఆ మాట అటుంచి, మనం చెప్పకపోతే ఎవరూ చెప్పరనుకోవటం ఎంత అమాయకత్వం! సెల్‌ఫోను చెబుతుంది. "రహస్య వ్యాధులు నయం చేయబడును" అని గోడల మీద రాయించే వైద్యుడు చెబుతాడు. ఇద్దరికీ లాభం కావాలి, పిల్లవాడి ఆరోగ్యం కాదు. బడి వదిలిపెట్టిన పాఠాన్ని బజారు అందుకుంటుంది.

నా తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ముందు పిల్లలను పేరు లేకుండా చీటీలు రాసి డబ్బాలో వేయమంటాను. "రెండు నెలలు బహిష్టు రాకపోతే అది జబ్బా?" అని ఒక చీటీ. "నిద్రలో అలా అయితే ఒంట్లో బలం పోతుందా?" అని మరొకటి. "చచ్చిపోవాలనిపిస్తే ఎవరికి చెప్పాలి?" అని ఇంకొకటి. మూడో చీటీ జీవశాస్త్రం కాదని పక్కన పెడదామా? ఆ మూడూ ఒక డబ్బాలోంచే వచ్చాయి. శరీరాన్ని గురించిన సిగ్గు, మనసును గురించిన భయం ఒకే ఇంట్లో పెరుగుతాయి. నిద్రలో స్ఖలనం సహజమన్న ఒక్క వాక్యం ఒక పిల్లవాణ్ణి ఏళ్ళ తరబడి తినేసే దిగులు నుంచి తప్పిస్తుంది. ఆ ఒక్క వాక్యం చెప్పేవారు లేరు.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. 2019లో తెలంగాణలో ఇంటర్మీడియేట్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా పోయారు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సిలర్ ఉండాలనీ, మార్కులను బట్టి పిల్లలను వేరువేరు బ్యాచీలుగా విడదీయరాదనీ ఆదేశించింది. కోర్టు చెప్పేదాకా ఇది తోచలేదా? తోచకేం? ర్యాంకుల వ్యాపారంలో పిల్లవాడు సరుకు. సరుకుకు మనసుందని ఒప్పుకుంటే వ్యాపారం సాగదు.

చట్టాన్ని గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2012 పోక్సో చట్టం పసివారిపై అత్యాచారాలకు ఎదురు నిలిచే చట్టం, దాన్ని కాపాడుకోవాలి. కాని పద్ధెనిమిది నిండని వారి విషయం తెలిసిన ప్రతివారూ ఫిర్యాదు చేయాలన్న నిబంధనకు బెదిరి, పదిహేడేళ్ళ పిల్ల డాక్టరు దగ్గరకు పోవటానికే జంకుతుంది. వేరే కులం కుర్రవాణ్ణి ప్రేమించిందని తండ్రే ఆ చట్టాన్ని ఆయుధంగా పట్టుకోవటమూ ఉన్నది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే డాక్టరు ఫిర్యాదులో ఆమె పేరు బయటపెట్టనక్కరలేదన్నది. ఆ సంగతి ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? తెలియని హక్కు లేని హక్కుతో సమానం.

ఇక మన మిత్రుల సంగతి. "ముందు కూలి, భూమి, ఇవన్నీ మధ్యతరగతి సమస్యలు" అని కొందరు అంటారు. వారితో నేను ఏకీభవించలేను. ధనవంతుల పిల్లకు కుటుంబ డాక్టరు ఉన్నాడు, గంటకింత పుచ్చుకునే మనస్తత్వ నిపుణుడు ఉన్నాడు. ప్రభుత్వ బడి తప్ప వేరే దిక్కు లేనిది కూలివారి పిల్లకే. బడి నోరు మూసుకుంటే నష్టపోయేదీ ఆమే. పదహారో ఏట పెళ్ళయి, రక్తం లేక కాన్పులో కూలిపోయే పిల్ల సమస్య వర్గ సమస్య కాకపోతే మరేది వర్గ సమస్య?

అంచేత మనం కోరవలసినవి స్పష్టం. ప్రత్యుత్పత్తి పాఠాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అనకుండా ఆడపిల్లలకూ మగపిల్లలకూ తరగతిలో చెప్పాలి. గర్భనిరోధం, సుఖవ్యాధులు, ఇష్టం లేకుండా ముట్టుకోవటం నేరమన్న సంగతి అందులో ఉండాలి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడవలసిన కౌమార క్లినిక్కులు మన మండలంలో ఉన్నాయా, ఉంటే తలుపు తెరుస్తున్నాయా అని ఉపాధ్యాయ సంఘాలు అడగాలి. ప్రతి కాలేజీలోనూ కౌన్సిలర్ కావాలని విద్యార్థి సంఘాలు పట్టుబట్టాలి. అంతవరకూ కనీసం టెలి మానస్ నంబరు 14416ను ప్రతి నోటీసు బోర్డు మీదా రాయాలి. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇందులో చాలా పనులకు ప్రభుత్వం కావాలి. మొదటి దానికి మాత్రం ఒక ఉపాధ్యాయుడు, ఒక సుద్దముక్క, కాస్త గట్టి గొంతు చాలు.