రాయి మీద లేని పేరు

డిసెంబరు వస్తే మా పేటలో రెండింటికి సున్నం కొడతారు. ఒకటి ఇల్లు, రెండోది సమాధి. ఇళ్ళ మీద స్టార్లు, వాగు గట్టున సమాధుల మీద కొవ్వొత్తులు. 24 రాత్రి ఆడవాళ్ళు అక్కడే కూలబడి ఏడుస్తారు. పాస్టరు గారు "ప్రభువులో నిద్రించారమ్మా, ఏడవకండి" అంటారు. ఏడవనివ్వండి అయ్యగారూ! వండిపెట్టిన చెయ్యి లేకుండా అరిసె నోట్లో పెట్టుకున్నప్పుడే గదా పోయినవాళ్ళు గుర్తొచ్చేది.

మా మామ్మ పోయి ఎనిమిదేళ్ళు. సరిగ్గా డిసెంబరు 23. స్టార్ అప్పటికే కట్టేశాం, ఎవరూ విప్పలేదు. ఆ వెలుతురులోనే పెట్టె మోశాం.

తర్వాత సిమెంటు దిమ్మె కట్టి రాయి పెట్టాం. దాని మీద ఏ పేరు రాయాలి? మామ్మకి రెండు పేర్లు. రేషన్ కార్డులో ఒకటి, బాప్తిస్మంలో ఇంకొకటి. పేటంతా పిలిచింది రెండోదాన్నే. అప్పటికి నేను లెక్చరర్ పోస్టుకి అప్లై చేసి ఉన్నాను. బాబాయి పక్కకి పిలిచి, "ఆ పేరూ సిలువా రాతి మీద ఎందుకురా? రేపు నీ సర్టిఫికెట్ మీద ఎవడన్నా పిటిషన్ పెడితే?" అన్నాడు. నేను మారు మాట్లాడలేదు. ఉద్యోగం వచ్చింది. రాయి మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

క్లాసులో జాషువా 'శ్మశానవాటి' పద్యాలకు అర్థం చెప్తుంటే ఆ ఖాళీ రాయే కళ్ళ ముందుకొస్తుంది. చావు అందర్నీ సమానం చేస్తుందంటారు. మా మామ్మకి పేరు కూడా మిగల్చలేదే!

తప్పు బాబాయిది కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఈనాటికీ బయటే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ క్రైస్తవంలోకి వెళ్ళిన ఎస్సీలు బీసీ-సి కింద ఒక్క శాతం కోటాలో ఉన్నారు.

"మతం మారితే ఇంకా కులం ఏంటి?" అని అడిగే మిత్రులు ఒకసారి మా వాగు గట్టుకి రండి. మతం మారాక మా పేట ఊళ్ళోకి జరగలేదు. మా సమాధులూ ఊరి శ్మశానంలోకి జరగలేదు. కులం మమ్మల్ని మట్టిలో కూడా గుర్తుపడుతుంది. గుర్తుపట్టంది ప్రభుత్వ కాగితమొక్కటే.

డిసెంబరు 25 అనగానే మనం 1927లో బాబాసాహెబ్ మహద్‌లో చేసిన మనుస్మృతి దహనాన్ని తలుచుకుంటాం. 1968లో అదే రోజు రాత్రి తమిళనాడు కీళవెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మంది దళితులను గుడిసెలో పెట్టి కాల్చేశారు. ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే. హైకోర్టు భూస్వాములను వదిలేసింది. జనం మాత్రం ఏటా ఆ రోజున అక్కడికి వెళ్ళి వాళ్ళను తలుచుకుంటూనే ఉన్నారు. కోర్టు ఇవ్వనిది తలుచుకోవడం వల్ల రాదు, నిజమే. కానీ తలుచుకోవడం మానేస్తే అడిగేవాడే ఉండడు.

ఇది రాయడానికి కూడా వెనకాడాను. ఉద్యోగం పోతుందన్న భయం నాకు ఇంకా ఉంది. ఆ భయంతోనే ఎనిమిది క్రిస్మస్‌లు పేరు లేని రాయికి సున్నం కొట్టాను.

నాలుగో తరగతి చదివే మా పాప పోయినేడు అడిగింది, "నాన్నా, జేజమ్మ పేరేంటి?" అని. రేషన్ కార్డు పేరు చెప్పాను.

ఈసారి కొవ్వొత్తి వెలిగించేటప్పుడు దాని చెయ్యి పట్టుకుని అసలు పేరు చెప్తాను. గట్టిగా, పక్క సమాధుల దగ్గరున్నవాళ్ళకీ వినపడేలా. మీరూ మీవాళ్ళ పేర్లు అలాగే పలకండి. రాతి మీదకి ఆ పేర్లు భయం లేకుండా ఎక్కే రోజు కోసం చట్టంతో కొట్లాట ఎలాగూ ఉంది.

జై భీమ్.