కదిలిన కాలు సాక్ష్యం కాదు

నర్సీపట్నంలో ఈ మధ్య ఒక తల్లి తన ఫోన్‌లో వీడియో చూపించింది. మంచం మీద ఇరవై రెండేళ్ల కొడుకు, నడుం కింద స్పర్శ లేదు. ఒకాయన వాడి నెత్తిన చెయ్యిపెట్టి కేకలేస్తూ అరికాలి మీద చరిచాడు. కాలు ఎగిరిపడింది. చుట్టూ చప్పట్లు. ఆ కుర్రాడి ముఖం వైపు ఒక్కరూ చూడలేదు.

వెన్నుపాము తెగిన చోటికి కిందిభాగం చచ్చిపోదు, మెదడుతో దానికి సంబంధం పోతుంది. అరికాలు తాకిన కబురు వెన్నుపాము దాకా వెళ్లి అక్కణ్నుంచే తిరిగొచ్చి కండరాన్ని లాగుతుంది. దుప్పటి జరిపినా, మూత్రాశయం నిండినా అలాగే ఎగురుతుంది. డాక్టర్లు స్పాస్టిసిటీ అనే దీన్ని దేవుడి మహిమని చెప్పి కానుకలు పట్టడం దుర్మార్గం.

ఇక్కడ వెన్ను విరిగేది ఎవరికి? తాటిచెట్టు, జీలుగుచెట్టు మీంచి జారినవాళ్లకి, చింతపల్లి ఘాట్‌లో బండి అదుపు తప్పినవాళ్లకి. కారణం కళ్లెదుటే ఉన్నా ఏజెన్సీలో చిల్లంగి, అంటే చేతబడి, అంటారు, పట్నంలో పూర్వజన్మ పాపం అంటారు.

నా చిన్నప్పుడు మా పక్కింటి అన్నయ్య జీడిమామిడి చెట్టు మీంచి పడ్డాడు. ఎవరో చెప్పారని వాళ్ల నాన్న కాల్చిన ఇటుక గుడ్డలో చుట్టి పాదాలకి కాపడం పెట్టాడు. "నా మడమ కాలుతోందని నాకు వాసనొచ్చి తెలిసిందిరా" అన్నాడు అన్నయ్య నాతో. నెలలు గడిచినా ఆ పుండు మానలేదు. కట్టు విప్పినప్పుడు ఎముక కనిపించేది.

స్పర్శ లేకపోతే నొప్పీ ఉండదనుకుంటారు. అదే కాళ్లలో రాత్రంతా మంటలు పుడతాయి. చెబితే నాటకమంటారు. ఇరవై ఏళ్లవాడికి తల్లి మూత్రం గొట్టం మార్చాలి, వచ్చిన చుట్టం ఆ సంచీ వంకే చూస్తాడు. పెళ్లి ఊసెత్తితే నీకింకా ఆ ఆలోచనలేమిటంటారు. ఆడపిల్లయితే గర్భసంచి కూడా చచ్చిపోయిందని ఇంట్లోవాళ్లే తేల్చేస్తారు. చాలామందికి కొన్ని నెలల్లో నెలసరి మళ్లీ వస్తుంది, పిల్లల్ని కనగలరు. ఆ మాట ఆమెకి చెప్పేవాళ్లేరి? పైగా మొక్కు పేరుతో నీళ్లు కూడా తాగనివ్వని ఉపవాసాలు. నీళ్లు చాలక మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ముదిరితే ప్రాణమే పోతుంది.

1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఇలాంటివాళ్లని బతికించింది రెండేసి గంటలకి పక్క మార్పించి, మూత్రాశయాన్ని శుభ్రంగా చూసుకుని, చేతికి బంతిచ్చి ఆటలాడించి. రాయవెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954 కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడ్డా, చక్రాల కుర్చీలోంచే కుష్ఠురోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. ఆమె భక్తురాలే. కానీ కాళ్లొచ్చేదాకా బతుకు ఆపుకోలేదు.

అదే 1954లో వచ్చిన మ్యాజిక్ రెమెడీస్ చట్టం మంత్రంతో, తాయెత్తుతో రోగం నయమవుతుందని ప్రచారం చేయడాన్ని నేరమంది. ఆ రోగాల జాబితాలో పక్షవాతం ఉంది. అలాంటి ఫ్లెక్సీ మీ వీధిలో కడితే ఫొటో తీసి స్టేషన్లో ఫిర్యాదివ్వండి. మంచానికే పరిమితమైనవాళ్లకి 2024 జూలై నుంచి రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద నెలకి 15,000 రూపాయల పింఛను ఉంది. అందులోంచి కేథటర్లు, గాలి పరుపు కొనండి. మిగతా డబ్బు ఎలా వాడాలో మంచం మీదున్న ఆ మనిషినే అడగండి.