లీవ్ లెటర్‌లో జ్వరం

మన లీవ్ లెటర్లన్నిట్లో ఒకటే మాట: ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ విత్ ఫీవర్’. అక్కడ ‘విత్’ తప్పు, ‘ఫ్రమ్’ అని రాయాల. ఇది రెండుసార్లు రాస్తే వచ్చేస్తాది. కానీ తీజ్ పండక్కి తండాకు పోయినా జ్వరమేనా? తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్లు పోసేది మనమే కదా, చెప్పేదానికి సిగ్గెందుకు?

పోయిన నెల మా యాడి, బా బెంగళూరికి కూలికి పోతాంటే, తమ్ముణ్ణి అవ్వ దగ్గర దింపేదానికి నేనూ జ్వరమనే రాసినాను. వారం తర్వాత నిజంగానే జ్వరమొచ్చింది. ఎవరూ నమ్మలేదు.

‘యాజ్ మై పేరెంట్స్ ఆర్ గోయింగ్ ఫర్ వర్క్’ అన్నా ఇంగ్లీషే, తప్పు లేదు. వార్డెన్ మేడమ్ గారూ, అట్ల రాస్తే కూడా లీవ్ ఇస్తారా?

— 9వ తరగతి విద్యార్థిని