‘నాలుగు తగిలిస్తే దారికొస్తాడు’ అనే పెద్దలకు

మాటలు రాని బిడ్డ గోడకేసి తల కొట్టుకుంటుంటే మన ఇళ్ళలో మొదట వినిపించే మాట ‘మొండి’. రెండవది ‘గారాబం’. మూడవది, సాధారణంగా తాతగారో మేనమామో అనేది, ఈ వ్యాసానికి శీర్షికగా పెట్టాను. ఈ మూడూ రోగనిర్ణయాలు కావు. నిదానంగా చూసే ఓపిక లేక ఇచ్చే తీర్పులు.

ఆ బిడ్డ చెవిలో చీము ఉండవచ్చు. పంటినొప్పి కావచ్చు, నాలుగు రోజులుగా విరేచనం కాక కడుపు బిగుసుకొని ఉండవచ్చు. నొప్పి అని చెప్పలేని పిల్లల ప్రవర్తన హఠాత్తుగా మారినప్పుడు ముందుగా వెతకవలసినది నొప్పినే. చెవి, నోరు, పొట్ట పరీక్షించకుండా, నిద్ర ఎలా ఉంది, మూర్ఛలు ఉన్నాయా అని అడగకుండా నేరుగా రిస్పెరిడోన్ రాసే వైద్యులున్నారు. మా వృత్తివారే కనుక మొహమాటం లేకుండా అంటున్నాను. ఆ మందు పనికిరానిది కాదు. తీవ్రమైన ఉద్రేకం, తనను తాను గాయపరచుకోవడం ఉన్న చోట దానికి స్థానముంది. కాని బరువు పెంచుతుంది, మగతగా ఉంచుతుంది. చెవినొప్పిని మాత్రం తగ్గించదు.

శారీరక కారణం లేదని తేలాక కావలసినది ఒక నోటుపుస్తకం. గొడవకు ముందు ఏమి జరిగింది, పిల్లవాడు ఏమి చేశాడు, ఆ వెంటనే చుట్టూ ఉన్నవారు ఏమి చేశారు, ఈ మూడింటినీ రెండు వారాలు రాయండి. కుక్కరు విజిల్ వేసిన ప్రతిసారీ చెవులు మూసుకొని కేకలు పెడుతున్నాడని బయటపడవచ్చు. బడిలోనైతే, లెక్కల పీరియడులో మాత్రమే పుస్తకం చింపుతున్నాడని, చింపగానే తరగతి బయట నిలబెడుతున్నారని తెలియవచ్చు. మాష్టారికి అది శిక్ష. ఆ పిల్లవానికి విడుదల. రేపు మళ్ళీ చింపక ఏమి చేస్తాడు? ‘నాకు కష్టంగా ఉంది, కాసేపు ఆగుతాను’ అని మాటతోనో, సైగతోనో, ఒక బొమ్మ కార్డుతోనో అడగడం నేర్పి, అడిగినప్పుడు ఇవ్వాలి. లెక్కను చిన్న ముక్కలు చేయాలి.

దెబ్బ పనిచేస్తుందని పెద్దలు ఎందుకు నమ్ముతారో కూడా చెప్పాలి. కొట్టగానే అల్లరి ఆ క్షణానికి ఆగుతుంది. కొట్టినవారికి ఊరట కలుగుతుంది. ఆ ఊరటే మరుసటి రోజు మళ్ళీ చెయ్యి లేపిస్తుంది. ఇక్కడ అలవాటు బలపడుతున్నది పెద్దవారిలో. పిల్లవాడు నేర్చుకున్నది భయం ఒక్కటే. కుక్కరు శబ్దం ఎప్పటిలాగే చెవిని కోస్తూనే ఉంది.

‘అయితే క్రమశిక్షణ అక్కరలేదా?’ అని అడుగుతారు. తప్పక కావాలి. చెల్లెలిని కొరకడం కుదరదని ఆటిజం ఉన్న బిడ్డకూ తెలియాలి. కాని చేతులు ఆడించడం ఎవరికి హాని? కళ్ళలోకి చూడకుండా జవాబు చెబితే ఆ జవాబుకు వచ్చిన లోపమేమిటి? థెరపీ పేరుతో గంటల తరబడి ఈ రెండింటినీ మాన్పించే కేంద్రాలు నెలకు వేలు వసూలు చేస్తున్నాయి. బిడ్డకు మరుగుదొడ్డి వాడడం, ఆకలి చెప్పడం, రోడ్డు దాటడం నేర్పారా అని తల్లిదండ్రులు అడగాలి. మూలకణాలతో నయం చేస్తామనేవారి గడప అసలే తొక్కవద్దు.

తల్లిని నిందించే జబ్బు మనకే కాదు, పాశ్చాత్యులకూ ఉండేది. 1943లో లియో కానర్ ఆటిజాన్ని వర్ణించిన తరువాత కొన్ని దశాబ్దాలు తల్లి మనసు చల్లబడడమే కారణమన్నారు. వారు ఆ వాదాన్ని వదిలేశారు. మన బంధువర్గం మాత్రం ఇంకా పట్టుకొని ఉంది.

బడులకు చట్టం తెలియదనుకోను. 2009 విద్యాహక్కు చట్టం కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్నీ, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలనూ గుర్తించి, పరీక్షలో అదనపు సమయం, లేఖకుని సహాయం వంటి వెసులుబాట్లు చెప్పింది. అయినా ‘మీవాడు మా స్కూలుకు సరిపడడు’ అని టీసీ చేతిలో పెడుతూనే ఉన్నారు. తలుపు పక్కనుంచి బెంచీ మార్చడానికీ, రేపు టైంటేబుల్ మారుతుందని ఈ రోజే చెప్పడానికీ ఎంత ఖర్చవుతుందో ఏ కరస్పాండెంటు గారైనా లెక్క చూపగలరా?

ఉద్యోగంలోనూ ఇదే కథ. సహేతుకమైన సర్దుబాట్లు చేయవలసిన బాధ్యత ఆ చట్టంలోనే ఉంది. పని తప్పులేకుండా చేసే యువకుడిని ‘కలుపుగోలుతనం లేదు’ అని ఇంటర్వ్యూలోనే పంపేస్తారు. నడుస్తూ నోటితో చెప్పే పనిని కాగితం మీద రాసి ఇస్తే, గోలకు దూరంగా ఒక మూల కుర్చీ వేస్తే సరిపోయే వ్యవహారమిది. ‘అతని కోసం ఆఫీసంతా మారాలా?’ అనే మేనేజరు గారు తన కళ్ళద్దాలు ఒక్కసారి తీసి ఆ ప్రశ్న అడగాలి.

సందేహమున్న తల్లిదండ్రులు జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి వెళ్ళవచ్చు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. వెళ్ళేటప్పుడు ఆ నోటుపుస్తకం వెంట తీసుకువెళ్ళండి. దానిని తెరిచి చూడని వైద్యుడు దొరికితే, మరో వైద్యుని దగ్గరకు వెళ్ళండి.